అదేరితు మూటలు

పోర్తోలో చలికాలం, తెల్లవారుజామున నాలుగు.
రోటర్‌లో గొట్టాలు ఎదురెదురుగా పెట్టాను.
చుక్క బరువు తేడా వచ్చినా యంత్రం అలుగుతుంది.
కంసాలిలా తూచి తూచి
ఉప్పునీరు ఒక బొట్టు కలిపాను.
భూమి లాగేదానికి లక్షరెట్లు లాగుతుంది ఇది,
రెండు గంటలసేపు.
అయ్యాక గొట్టం అడుగున ఏమీ కనబడదు.
అందుకే ముందుగానే బయటివైపు
సిరాతో చిన్న సున్నా చుడతాం:
ఇక్కడే ఉంటుంది, నమ్ము, అని.

ఆ కనబడనిది అదేరితు నెత్తురులోది.
ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఈ ఊరి చెత్తబండి వెనక వేలాడిన మనిషి.
బండి ఎక్కలేని మెట్ల వీధుల్లో
మూటలు భుజాన వేసుకుని దిగినవాడు.
క్లోమంలో గడ్డ.

సూది గుచ్చుతుంటే అడిగాడు,
"ఏం వెతుకుతావమ్మా బెనెదీతా ఇందులో?"
"మీ గడ్డ బయట పారేసే చెత్తసంచులు" అన్నాను.
మొదట్లో అందరూ అలాగే అనుకున్నారు మరి,
కణం ఇల్లు ఊడ్చుకుని
అక్కర్లేనిది పొరలో చుట్టి
గడప అవతల పడేస్తుందని.
వెంట్రుక మందంలో వెయ్యో వంతు సంచి.
ఎవడు విప్పి చూస్తాడు?

ఆయన నవ్వాడు.
"చెత్తని తేలిగ్గా తీసెయ్యకు.
మిరగాయాలో మూడో మేడమీద పాప పుట్టబోతోందని
అమ్మమ్మ కంటే ముందు నాకు తెలుసు.
చేపలమ్మే ఒలీందా మొగుడు తాగుడు మానలేదని
ఆమె కంటే ముందు నాకు తెలుసు.
సీసాలు పాత పేపర్లో చుట్టి
పక్కింటి డబ్బాలో పడేసేవాడు.
ఎవరి సంచి ఎవరి గుమ్మంలో ఉందో చూడు.
కథంతా అక్కడుంటుంది."

నిజమే, పక్క గుమ్మంలోనే.
ఈ మూటల పైపొర నిండా కొక్కేలు.
ఒక రకం ఊపిరితిత్తికి తగులుకుంటుంది,
ఇంకో రకం కాలేయానికి.
గడ్డ కదలదు.
కూర్చున్నచోటే కూర్చుని కబురంపుతుంది.
కాలేయం కాపలా కణం మూట అందుకుని
చుట్టమే కదా అని మింగుతుంది.
ఆ పూట నుంచి దాని నడత వేరు.
చుట్టుపక్కల జిగురు పోస్తారు, చాపలు పరుస్తారు,
ఎవరికోసమో తెలియకుండానే.
నెలలు పోయాక
దారితప్పినట్టు ఒక కణం వచ్చేసరికి
పక్క వెచ్చగా ఉంటుంది.

ఇంటిగుట్టు లంకకు చేటంటారు.
ఇక్కడ లంకే తలుపు తీసింది.

ఇదంతా ఆయనకు చెప్పలేదు.
మంచి కణాలూ ఇదే పని చేస్తాయని మాత్రం చెప్పాను,
తల్లి పాలలోనూ ఉంటాయి ఈ మూటలని.
"అయితే మంచికీ చెడుకీ బండి ఒకటేనన్నమాట"
అన్నాడు అదేరితు.
చొక్కా చెయ్యి దించి
బొత్తాం పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.
నేను సాయం చెయ్యలేదు, ఎందుకో.

పోయిన ఈస్టర్‌కి వారం ముందు వెళ్ళిపోయాడు.
కూతురు జుదీత్ కాగితం మీద సంతకం పెట్టింది,
నమూనాలు ఉంచుకోవచ్చని.
మైనస్ ఎనభైలో, మూడో అర, ఎడమవైపు
ఆయన మూటలు బిగుసుకుని ఉన్నాయి.
కొక్కేలు అలాగే ఉన్నాయి.
ఎక్కడికి పోవాలో వాటికింకా తెలుసు.
ఆ కాలేయం లేదు.

ఈ రాత్రి కరిగించింది వాటిలో ఒకటి.

రోటర్ ఆగబోయే ముందు సన్నగా ఈల వేస్తుంది.
కిటికీ కింద చెత్తబండి వెనక్కి నడుస్తూ కూసింది.
ఎవరో కుర్రాడు దూకి
మా సంచి ఎత్తి, ఒక్క క్షణం
బరువు చూస్తున్నట్టు చేతిలో ఊపి
లోపల వేశాడు.

గొట్టం వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను.
సున్నా కనబడుతోంది.